గోడ మీది ఊరు

పోయినవారం మనం ఈ ముగ్గురినీ ఆనకట్ట మెట్ల మీద వదిలి వచ్చాం. కాజాలమ్మ కింది మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది. ఆమే, భర్త డ్రైవరు గారూ కూతుర్ని చూడ్డానికి వచ్చిన ఆ చిన్న ఊరికి నీళ్ళు శుభ్రం చేసి పంపే చోట, సీసాల్లో పట్టి పరీక్షలు చేసే ఉద్యోగం ఆ కూతురిది. "నేను రోజూ చూసే నీళ్ళు ఇవే" అని చెయ్యి చాపి అమ్మకీ నాన్నకీ చూపిస్తోంది. అప్పుడే గేటు దగ్గరి ముసలి కాపలాదారు మాటవరసకి, "ఇరవై నాలుగేళ్ళు నగరానికి బస్సు నడిపారటగా పెద్దాయనా! ఇక్కణ్ణించి నగరం ఎటువైపో చెప్పండి చూద్దాం" అన్నాడు. డ్రైవరు గారు క్షణం కూడా ఆలోచించకుండా చెయ్యెత్తి చూపించారు. ఆ వైపు కొండలున్నాయి. నగరం లేదు.

కాపలాదారు నవ్వాడు. కూతురు మాట మార్చేసింది. కాజాలమ్మకి మాత్రం ఆ వేలు గుండెలో గుచ్చుకుంది.

ఎందుకు గుచ్చుకోదు? పదహారేళ్ళ కిందట, ఉన్న ఒక్క పిల్లా నగరంలో చదువుకుంటానని పెట్టె సర్దుకున్నప్పుడు ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పంపనంది. అప్పుడు ఆయన, "ఆ ఊరు నాకు అరచెయ్యి. సందు సందూ తెలుసు. వారం వారం నా కళ్ళతో చూసి వచ్చి నీకు చెప్తాగా" అన్నారు. ఆ ఒక్క మాట మీద ఆమె లేచి దారి ఇచ్చింది. మూడేళ్ళపాటు ఆయన వారం వారం పిల్లకి ఇంటి వంట డబ్బా పట్టుకెళ్ళారు, కబురు పట్టుకొచ్చారు. ఇప్పుడా మాటే వట్టిదైతే? నగరం ఎటుందో తెలియని మనిషిని నమ్మి తను పిల్లని పంపిందా? ఆదివారం పొద్దున్న బండికి వాళ్ళ తిరుగు ప్రయాణం. ఈలోగా ఈ సంగతి తేల్చుకోవాలి. తేలకుండా ఇంటికి వెళ్తే ఇక ఆ ఇంట్లో ఆయన ఏం చెప్పినా చెవికెక్కదు.

ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చోవడం వెనక ఇంకో కథ ఉంది. కాజాలమ్మకి ఒక చెల్లెలు ఉండేది. ఇద్దరూ దర్జీ కొట్టు నుంచి చొక్కాలు మూటగా తెచ్చుకునేవాళ్ళు. అక్క కాజాలు కుట్టేది, చెల్లెలు బొత్తాలు కుట్టేది. "మీలో ఒకరు లేకపోతే రెండోవాళ్ళు చొక్కాకి పనికిరారమ్మా" అని దర్జీ నవ్వేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఏదో మాటా మాటా వచ్చి చెల్లెలు సంచి భుజాన వేసుకుంది. "వెళ్తే వెళ్ళు. ఈ గుమ్మం మళ్ళీ తొక్కకు" అంది అక్క. చెల్లెలు బస్సెక్కింది. అంతే. తొక్కలేదు.

అప్పట్నుంచి కాజాలమ్మ బస్టాండు గడప తొక్కలేదు. బస్సు డ్రైవరు పెళ్ళానికి బస్సు పడదని వీధంతా నవ్వుకున్నా ఆమె పట్టించుకోలేదు. ఎక్కడికైనా రైలే. పదిమందిలోకి వెళ్తే చాలు, తన వాళ్ళని లెక్కపెట్టుకుంటుంది. ఒకటి, రెండు, మూడు. ఉన్నారు. పది అడుగులు వేశాక మళ్ళీ ఒకటి, రెండు, మూడు.

ఇక ఈ వారం కథలోకి వద్దాం.

* * *

శనివారం పొద్దున్న వంటింటి బల్ల మీద కూతురు మధ్యాహ్నం భోజనం డబ్బాలో సర్ది, చదరపు గుడ్డలో పెట్టి నాలుగు కొసలూ లాగి ముడివేసింది. ఆ ముడి పిడికెడు దారాల చిక్కులా ఉంది.

"అదేం ముడే! పీత పట్టుకున్నట్టుంది" అంది కాజాలమ్మ. "ఇటు తే."

విప్పి మళ్ళీ కట్టింది. రెండు కొసలు లోపలికి మడిచి, రెండు కొసలు పైకి నిలబెట్టి, కుందేలు చెవుల ముడి. చిన్నప్పుడు దర్జీ కొట్టులో నలుగురి మూటలూ కలిసిపోకుండా అక్కచెల్లెళ్ళిద్దరూ కనిపెట్టుకున్న ముడి అది. అక్క ముడిలో చెవులు రెండూ సమానంగా ఉంటాయి. చెల్లెలికి ఎప్పుడూ ఎడమ చెవి పొడుగైపోయేది. ఎంత చెప్పినా కుదిరేది కాదు.

"హాస్టల్లో ఉన్నప్పుడు ఎంత చక్కగా కట్టి పంపేదానివే ఖాళీ డబ్బా! ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి, అయినా ముద్దొచ్చేది. ఎలా మర్చిపోయావు?"

కూతురు గ్లాసు నీళ్ళు ఎత్తి వాసన చూసింది. అది దాని ఉద్యోగపు అలవాటు. ఎక్కడ నీళ్ళిచ్చినా ముందు ముక్కుతో తాగుతుంది. "చేతులు మర్చిపోయాయమ్మా" అని గ్లాసు కింద పెట్టేసింది. తాగలేదు.

ఆ రోజుల్లో ఖాళీ డబ్బా ఇంటికొచ్చిన ప్రతిసారీ కాజాలమ్మ ఆ పొడుగు చెవిని వేళ్ళతో నిమిరేది. పిల్ల చేతికి పిన్ని పోలిక వచ్చింది అనుకునేది. ఎవరికీ చెప్పేది కాదు. కాసేపు విప్పకుండా అలాగే పెట్టుకునేది.

నగరానికి రైల్లో గంట ప్రయాణం. డ్రైవరు గారు కిటికీ పక్కన కూర్చుని స్టేషను వచ్చినప్పుడల్లా కుడికాలితో నేలని నొక్కుతున్నారు.

"ఏమండీ, రైలు మీరు ఆపితే ఆగదు" అంది కాజాలమ్మ.

"వీడు బ్రేకు ఆలస్యంగా పడుతున్నాడోయ్. నేనైతే ఆ సిగ్నలు దగ్గరే..."

"ఐదేళ్ళయింది రిటైరై. కాలికి కూడా చెప్పండి ఆ సంగతి."

ఎదురుగా కూర్చున్న కూతురు నవ్వుతూ చేతిసంచిలోంచి ఒక పాత నోటు పుస్తకం తీసింది. అట్ట చిరిగితే ఎప్పుడో గోధుమరంగు కాగితం అంటించారు. దాని మీద ఏడేళ్ళ పిల్ల పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంది: నాన్న చూసినవి.

ఆ పుస్తకం చూసేసరికి కాజాలమ్మకి రైలు కిటికీ కనబడలేదు. తమ ఇంటి ముందుగది కనబడింది. సాయంత్రం ఆరున్నరకి ఆయన వచ్చేవారు. చొక్కాకి డీజిలు వాసన. కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చోగానే పిల్ల పెన్సిలు పట్టుకుని ఒళ్ళో చేరేది. "ఇవాళ ఏం చూశావు నాన్నా?" ఆయన కళ్ళు మూసుకుని చెప్పేవారు. నాలుగు మొహాల గడియారం. దాని కింద పైకెగిరే నీళ్ళు. పక్కనే వంతెన, వంతెన మీద రాతి గుర్రాలు. ఎర్రకప్పు మ్యూజియం, దాని మెట్ల మీద గొడుగు పట్టుకున్న తెల్లబట్టలావిడ. కాజాలమ్మ దీపం దగ్గర చొక్కా పెట్టుకుని వింటూ కుట్టేది. గడియారం దగ్గర ఒక కాజా, వంతెన దగ్గర ఒక కాజా. ముక్కూ మొహం తెలియని ఎంతమంది చొక్కాల్లో ఆ ఊరిని కుట్టేసిందో ఆమెకే తెలీదు. కష్టం ఉండేది, నిజమే. కానీ ఆ గంటసేపు ఇల్లు ఇంత పెద్దదయ్యేది.

"నాన్నా, ఇవాళ పుస్తకంలో ఉన్న వరసలోనే చూద్దాం" అంది కూతురు. "నువ్వే గైడువి."

"ఓ! దానికేం" అన్నారు డ్రైవరు గారు. గొంతు సవరించుకున్నారు. కుడికాలు మళ్ళీ నేలని నొక్కింది. ఈసారి స్టేషను ఏదీ రాలేదు.

* * *

గడియారం స్టేషను బయటే ఉంది. పొడుగ్గా, బూడిదరంగులో, నాలుగు మొహాలతో. డ్రైవరు గారి మొహం వెలిగింది.

"చెప్పానా! నాలుగు మొహాలు! లెక్కపెట్టుకోండి!"

కాజాలమ్మ ముందు మనుషుల్ని లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు. తర్వాత మొహాల్ని. "మరి నీళ్ళేవండీ? దీని కాళ్ళ దగ్గరే ఎగురుతాయన్నారు?"

"తీసేసుంటారు. ఊళ్ళన్నాక మారవూ?"

అక్కడ పళ్ళ బండి పెట్టుకున్న ఆవిడ త్రాసు ఆపి మరీ కలగజేసుకుంది. "ఫౌంటెనా బాబాయ్? ఇక్కడెప్పుడుంది? మా అమ్మ కాలం నుంచీ ఈ బండి ఇక్కడే. అది తోటలో కదా, ఇక్కణ్ణించి మూడు స్టాపులు."

"మీ అమ్మగారికంటే ముందు సంగతేమోలే" అన్నారు ఆయన.

"మా అమ్మకంటే ముందు మీరు బస్సు నడిపారా?" అని ఆవిడ నవ్వి ఒక పండు ఊరికే చేతిలో పెట్టింది. కూతురు కూడా నవ్వింది. కాజాలమ్మ ఆ పండు సంచిలో వేసుకుంది.

"సరే, వంతెనకి పదండి. పక్కనే, రెండడుగులు" అని డ్రైవరు గారు చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచారు.

ఆ రెండడుగులూ నలభై నిమిషాలు పట్టింది. సైకిళ్ళు బాగుచేసే వీధి దాటారు, అద్దాల కొట్ల వీధి దాటారు, మళ్ళీ అదే సైకిళ్ళ వీధికొచ్చారు. చక్రం విప్పుకుని కూర్చున్న మెకానిక్కు రెండోసారి వీళ్ళని చూసి నమస్కారం పెట్టాడు. ప్రతి మలుపులోనూ డ్రైవరు గారు ఒక్క క్షణం ఆగడం, రెండు చేతులూ గాలిలోకి లేచి లేని స్టీరింగుని పట్టుకోవడం, మళ్ళీ కిందకి దిగిపోవడం కాజాలమ్మ చూసింది. కూతురు మాత్రం ఏమీ గమనించనట్టు, "ఎడమవైపేమో కదా నాన్నా?" అంటోంది. ఆయన, "అదే, నేనూ అదే అనబోతున్నా" అంటున్నారు.

ఆఖరికి వంతెన వచ్చింది. రాతి గుర్రాలు రెండూ నది మీదికి కాళ్ళెత్తి నిలబడ్డాయి. డ్రైవరు గారు గబగబా వెళ్ళి ఒక గుర్రం కాలి మీద చెయ్యి వేశారు. వేసి తియ్యలేదు. డెక్క దగ్గర్నుంచి మోకాలి దాకా నిమిరారు. తల పైకెత్తి నోరు కొంచెం తెరిచి అలాగే నిలబడిపోయారు.

"ఇంత పెద్దవా!" అన్నారు.

అది పాత చుట్టాన్ని పలకరించే చూపు కాదు. కాజాలమ్మ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ మొహం చూస్తోంది. పెళ్ళిచూపుల్లో తనని చూసినప్పుడు ఒకసారి, పిల్ల పుట్టినప్పుడు ఒకసారి ఆ మొహం అలా అయింది. మొదటిసారి చూసేవాళ్ళ మొహం అది.

వంతెన కింది మెట్ల మీద ముగ్గురూ డబ్బా విప్పుకుని తిన్నారు. నది మెల్లగా, బద్ధకంగా పోతోంది. ఎవరిదో పడవలో రేడియో మోగుతోంది. కూతురు పండు కోసి తండ్రికి పెద్దముక్క ఇచ్చింది. చిన్నప్పుడు ఆయన దానికి ఇచ్చినట్టే. ఎంత బాగుందో అనిపించింది కాజాలమ్మకి. ఎంత బాగుంటే అంత భయం ఆమెకి. రేపు ఈ వేళకి ఈ పిల్ల తన ఊళ్ళో ఉంటుంది, తాము రైల్లో ఉంటారు. మళ్ళీ లెక్కపెట్టుకుంది.

తిన్నాక కూతురు ఖాళీ డబ్బా కడిగి గుడ్డలో కట్టింది. మళ్ళీ పీత ముడే. విప్పి కట్టే ఓపిక కాజాలమ్మకి లేకపోయింది.

మ్యూజియం ఎర్రకప్పుది కాదు, పలకరంగు కప్పుది. మెట్ల మీద గొడుగు పట్టుకున్న తెల్లబట్టలావిడ లేదు. విగ్రహం ఏమైనా ఉండేదా అని టిక్కెట్లాయన్ని అడిగితే, "నేనొచ్చి ముప్ఫై ఏళ్ళయిందమ్మా. ఇక్కడ గొడుగు పట్టుకునేది వానొస్తే నేనొక్కణ్ణే" అన్నాడు.

"రంగేసుంటారు" అన్నారు డ్రైవరు గారు. ఈసారి గొంతులో బలం లేదు.

"పైకప్పుకి రంగేశారు, సరే. తెల్లబట్టలావిడకి కూడా ఏదో రంగేశారా?" అంది కాజాలమ్మ.

"అమ్మా!" అంది కూతురు.

"నువ్వుండవే."

కూతురు ఒక నిమిషం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత పుస్తకం మూసి సంచిలో పెట్టేసి, "ఇక పుస్తకంలో లేనిది ఒకటి చూద్దాం. మీ డిపో చూపించు నాన్నా" అంది.

"డిపోలో ఏముందే చూడ్డానికి? మసి, చమురు."

"నువ్వు ఇరవై నాలుగేళ్ళు మధ్యాహ్నాలు పడుకున్న గది చూడాలని ఉంది."

"వద్దులే. మీ అమ్మకి బస్టాండంటే పడదు" అని ఆయన భార్య వైపు చూశారు, వద్దను అన్నట్టు.

కాజాలమ్మ బస్టాండు మొహం చూసి ఎన్నేళ్ళయింది? ముప్ఫై ఒక్క ఏళ్ళు. అయినా ఆయన చూసిన ఆ చూపుతోనే ఆమెకి మొండితనం వచ్చేసింది. "పదండి. చూస్తాను" అంది.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. రెండు వీధులు దాటి పెద్దరోడ్డు ఎక్కేసరికి డ్రైవరు గారి నడక మారిపోయింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి. "ఇక్కడ గుంట ఉండేది, జాగ్రత్త. ఈ మలుపులో హారను కొట్టాలి. ఎదుట లారీల అడ్డా. కుడికి. మళ్ళీ కుడికి." ఒక్కచోట తడబడలేదు. కళ్ళు మూసుకున్నా వెళ్ళేలా ఉన్నారు. పొద్దుట్నుంచీ దారి తప్పిన మనిషేనా ఈయన?

* * *

డిపో వెనకభాగంలో పొడుగాటి వసారా. ఒకపక్క డ్రైవర్లు పడుకునే గది, దానికి ఎదురుగా దుప్పట్లూ దిండు గలేబులూ ఉతికి పెట్టే గది. ఉతుకుడు గది తలుపు నేలకి జానెడు ఎత్తులో ఆగిపోతుంది. మధ్యలో చెక్కబెంచీ. అక్కడంతా సబ్బువాసన, డీజిలు వాసన. మధ్యాహ్నం బళ్ళు వెళ్ళిపోయి, సాయంత్రం బళ్ళు ఇంకా రాని వేళ. మనుషుల అలికిడి లేదు.

"డబ్బా ఈ బెంచీ మీద పెట్టమ్మా. నేను టీ పట్టుకొస్తా. మీరిద్దరూ గది చూడండి" అని కూతురు క్యాంటీను వైపు వెళ్ళింది.

కాజాలమ్మ గదిలోకి అడుగు పెట్టింది. ఎనిమిది ఇనపమంచాలు. "ఆ మూలది నాది" అన్నారు డ్రైవరు గారు. ఆమె ఆ మంచం మీద కూర్చుంది. కూర్చున్నాక ఎదటి గోడ చూసింది.

గోడ నిండా ఒక ఊరు.

ఏ పెయింటరో, ఎన్నేళ్ళ కిందటో వేసినది. రంగులు పొట్టు లేచిపోయాయి. మధ్యలో నాలుగు మొహాల గడియారం. దాని కాళ్ళ దగ్గరే ఎగిరే నీళ్ళు. పక్కనే, నిజంగానే రెండడుగుల్లో, వంతెన. దాని మీద కుక్కపిల్లలంత గుర్రాలు. వంతెన దిగగానే ఎర్రకప్పు మ్యూజియం. దాని మెట్ల మీద గొడుగు పట్టుకున్న తెల్లబట్టలావిడ. ఉన్న గోడలో ఊరంతా పట్టాలని పాపం ఆ పెయింటరు అన్నిటినీ దగ్గరికి జరిపి ఇరికించేశాడు. ఎర్రరంగు మిగిలిపోయిందేమో కప్పుకి పూసేశాడు.

పుస్తకంలో ఉన్నది ఒక్కటీ తప్పిపోలేదు. అన్నీ ఉన్నాయి.

బయట ఎక్కడో కుళాయి కారుతోంది.

"మీరు ఊరు చూడలేదు" అంది కాజాలమ్మ. "గోడ చూశారు."

డ్రైవరు గారు మంచం పట్టీ పట్టుకుని మెల్లగా ఆమె పక్కన కూర్చున్నారు.

"ఒకసారి వెళ్ళానోయ్. మొదటి నెల్లోనే" అన్నారు. "నీకు కాజాలకి పట్టుదారం కొందామని. మూడింటికి మళ్ళీ బండి తియ్యాలి. అడుగుతూ అడుగుతూ వెళ్ళాను, కొన్నాను. వెనక్కి తిరిగితే వీధులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. స్టీరింగు పట్టుకుంటే దారి నా చేతుల్లో ఉంటుంది. కాళ్ళకి తెలీదు. ఎంత తిరిగానో నాకే తెలీదు. వచ్చేసరికి ఐదైంది."

"బండి చెడిపోయిందన్నారు ఆ రోజు." ఆ దారం రీలు ఆమెకి గుర్తుంది. కుంకుమరంగు. ఎంత పొదుపుగా వాడుకుందో. అడుగున నాలుగు బారలు ఇప్పటికీ దాచుకుంది.

"బండి నిండా జనం. రెండు గంటలు నా కోసం కూర్చున్నారు. అందరూ తిట్టారు, తిట్టించుకున్నాను. ముందు సీట్లో ఒకాయన మాత్రం ఏమీ అనలేదు. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉందట. తర్వాత ట్రిప్పులో కండక్టరు చెప్పాడు. ఆయన వెళ్ళేసరికి అయిపోయిందట." డ్రైవరు గారు అరచేతులు చూసుకున్నారు. "ఆయన కూడా తిట్టుంటే బాగుండేది. ఆ తర్వాత నేను కాలినడకన ఈ గేటు దాటలేదు. పిల్లేమో రోజూ ఏం చూశావని అడిగేది. ఏం చెప్పను? ఈ మంచం చూశానని చెప్పనా?"

కడపటిచూపు దక్కని ఆ మనిషెవరో కాజాలమ్మకి తెలీదు. అయినా ఒక్క క్షణం మొగుడి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. అంతలోనే ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"మరి మూడేళ్ళు?" అంది.

"ఏం మూడేళ్ళు?"

"పిల్ల హాస్టల్లో ఉన్న మూడేళ్ళు! వారం వారం డబ్బా పట్టుకెళ్ళారు. వారం వారం కబురు తెచ్చారు. 'నువ్వల్లిన నీలం స్వెట్టరు వేసుకుంది, మోచెయ్యి దగ్గర చిరిగితే కుట్టుకుంది' అన్నారు. 'జలుబు చేసింది, గొంతు బొంగురుపోయింది' అన్నారు. నేను ఆ కబుర్లతోనే బతికానండీ! అవి కూడా ఏ గోడ మీదైనా రాసున్నాయా? ఆ ఊరు మీకు తెలుసన్నారనే కదా నేను లేచి దారిచ్చింది!"

"కబుర్లు నిజమే" అన్నారు ఆయన గబగబా. "ఒట్టు. ఒక్కటీ అబద్ధం కాదు."

"గేటు దాటని మనిషికి స్వెట్టరు చిరుగు ఎలా కనబడింది?"

ఆయన తలుపు వైపు చూశారు.

తలుపు దగ్గర కూతురు నిలబడి ఉంది, చేతుల్లో మూడు టీ గ్లాసులతో. ఎప్పుడొచ్చిందో ఏమో.

"నాకు తెలుసు నాన్నా" అంది. "హాస్టల్లో చేరిన రెండోవారమే తెలుసు. నువ్వొస్తావని ఎదురుచూసి ఎదురుచూసి నేనే ఇక్కడికొచ్చాను. ఆ మూల మంచం మీద నిద్రపోతున్నావు. గోడ చూశాను. లేపబుద్ధి కాలేదు. వెళ్ళిపోయాను."

డ్రైవరు గారు తలెత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"తెలిసీ ఇవాళ ఇదంతా ఎందుకు తిప్పావే మీ నాన్నని? ఆటలాడావా?" అంది కాజాలమ్మ.

"ఆటేంటమ్మా! అన్నీ నాకు చూపించిన మనిషి. తనొక్కటీ చూడలేదు. గుర్రం కాలు పట్టుకుని నాన్న 'ఇంత పెద్దవా' అన్నాడు, విన్నావా? దాని కోసమే తిప్పాను." టీ తొణికి వేళ్ళ మీద పడింది.

కాజాలమ్మ లేచి గ్లాసులు అందుకుని మంచం మీద పెట్టింది. పిల్ల వేళ్ళు తన చేతిగుడ్డతో తుడిచింది. కోపమంతా ఎటు పోయిందో, తుడుస్తూ తుడుస్తూనే మెల్లగా అడిగింది.

"ఆయన గేటు దాటలేదు. నువ్వొచ్చినప్పుడు లేపలేదు. మరి వారం వారం నా డబ్బా నీకు ఎవరు తెచ్చిచ్చారు?"

కూతురు తండ్రి వైపు చూసింది.

"ఏమండీ, ఆ రోజు దారి తప్పితే డిపోకి ఎలా వచ్చారు?"

"ఒకావిడ..." అన్నారు డ్రైవరు గారు. "చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గేటు దగ్గర వదిలింది."

"ఎవరావిడ?"

"చెప్పద్దంది. ఒట్టు వేయించుకుంది. నీ మీదే వేయించుకుంది."

కాజాలమ్మకి గోడ మీది ఊరంతా ఒకసారి ఊగినట్టనిపించింది. గాలి కోసం వసారాలోకి వచ్చి బెంచీ మీద కూలబడబోయింది.

కూర్చోలేదు.

బెంచీ మీద డబ్బా ఉంది. ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. కానీ గుడ్డకి పీత ముడి లేదు. ఎవరో విప్పారు. నలిగిన కొసలు చేత్తో సాపు చేశారు. రెండు కొసలు లోపలికి మడిచి, రెండు పైకి నిలబెట్టి మళ్ళీ కట్టారు.

కుందేలు చెవులు. కుడి చెవి పొట్టి. ఎడమ చెవి పొడుగు.

కూతురు వెనకాలే వచ్చి ఆ మూట చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. తను కట్టలేదని, కట్టడం తనకి రాదని, ఎప్పుడూ రాలేదని ఆ చెయ్యే చెప్పింది.

కాజాలమ్మ ఆ పొడుగు చెవిని రెండు వేళ్ళతో ముట్టుకుంది. విప్పలేదు. తల తిప్పి కూతుర్ని చూసింది. గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. అలవాటుకొద్దీ పెదవులు కదిలాయి. తను ఒకటి, పిల్ల రెండు, ఆయన మూడు.

ఎదురుగా ఉతుకుడు గది తలుపు మూసి ఉంది. తలుపు కింద జానెడు సందులో, తడినేల మీద రెండు పాదాలు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఎడమకాలి చిటికెనవేలికి, బొత్తాల సూది నేల మీద పడి గుచ్చుకున్న పాత మచ్చ.

"నాలుగు" అంది కాజాలమ్మ పైకి.